సైకిలు సవారియు, రైతు నడుమును

ఎద్దును కొని యింటికి తెచ్చిన రైతు మొదట చూచునది దాని మెడ. కాడి ఆ మెడకు సరిపడునా, జతయెద్దుతో ఎత్తు కలియునా యని పరీక్షించి, కలియనిచో వడ్రంగిని పిలిపించి కాడిని చెక్కించును. మెడపై పుండు పడినచో ఆ యెద్దును కొన్ని దినములు పనికి కట్టక పసుపును నూనెయు రాయును. పుండుతో నున్న యెద్దు దున్నదని యతడెఱుగును. ఈ శ్రద్ధలో పదవ పాలైనను అతడు తన దేహమునందు చూపుచున్నాడా? అంగడినుండి తెచ్చిన సైకిలును తెచ్చినది తెచ్చినట్లే యెక్కి, పది పదునైదేండ్లు త్రొక్కి, తుదకు నడుము పట్టుకొన్నప్పుడు "వయస్సు వచ్చినది, ఏమి చేయుదుము?" అని నిట్టూర్చుచున్నాడు.

ఈ నిట్టూర్పు చాలవఱకు అనవసరమని నా అభిప్రాయము. సైకిలు త్రొక్కువారికి వచ్చు నడుము నొప్పి తఱచుగా వయస్సువలన గాని కర్మమువలన గాని వచ్చునది కాదు. సీటు మనిషికి తగినట్లు లేకుండుటవలనను, బరువును ఎత్తుటయందును కట్టుటయందును జరుగు పొరపాటులవలనను అది వచ్చుచున్నది. ఈ రెండు లోపములను సవరించుట ఒక్కొక్క రైతు తనకు తాను చేసికొనదగిన పనియే. కాని మన సహకార సంఘము పూనుకొన్నచో ఆ పని గ్రామమంతటికి ఒక్క నెలలో జరుగును. ఈ సంగతినే సభ్యుల యెదుట నుంచ దలచితిని.

మోటారు సైకిళ్లు ప్రబలిన యీ దినములలో త్రొక్కుడు సైకిలు మాట యెందుకని కొందఱు అడుగవచ్చును. పాలకేంద్రమునకు పాలు మోయువారును, కాలువగట్టు వెంబడి పచ్చగడ్డి మోపు తెచ్చుకొనువారును, ఎకరమో అర యెకరమో కౌలుకు చేయువారును, కూలికి పోవువారును, ప్రక్క యూరి బడికి పోవు బాలబాలికలును నేటికిని సైకిలునే నమ్ముకొని యున్నారు. దానికి పెట్రోలు ఖర్చు లేదు; పంపు, పానా, ఇంత నూనె యున్న చాలును. ఇక నడుము నొప్పికి సైకిలే కారణమని తలచి, అప్పు చేసి మోటారు బండి కొనువారును గలరు. గుంటల బాటపై ఎంజిను అదురును బండి కుదుపును రెండును నడుమునకు తగులుచుండగా, నొప్పి తగ్గునను నమ్మకము లేదు. వాయిదాల భారము మాత్రము తప్పదు. గోరుచుట్టుపై రోకటిపోటనగా నిదియే. సైకిలును దోషిగా నిర్ణయించుటకు పూర్వము దానిని మన కొలతకు తగినట్లు నిలిపితిమా యని విచారింపవలదా?

నడుము నొప్పి చిన్న బాధ యని త్రోసివేయదగినది కాదు. ప్రపంచమున 2020లో 61 కోట్ల 90 లక్షలమందికి నడుము నొప్పి యుండెనని లెక్క తేలినది. మనుష్యులను పనికి దూరము చేయు బాధలలో నిదియే మొదటిదని వైద్యశాస్త్రజ్ఞులు చెప్పుచున్నారు. ఉద్యోగికి నడుము పట్టినచో సెలవు దొరకును. నాట్ల వేళ రైతునకు పట్టినచో నారు ముదిరిపోవును. కూలివానికి పట్టినచో ఆనాడు పొయ్యి వెలుగదు.

నొప్పి యెట్లు కలుగుచున్నది?

వెన్నెముకయందు పూసకును పూసకును నడుమ మెత్తని బిళ్ల యొకటి యుండును. "డిస్కు జారినది" అని మనవారు చెప్పుకొనునది యీ బిళ్లను గూర్చియే. స్వీడను దేశపు వైద్యుడు నాకెమ్సన్ 1960 దశాబ్దమున సజీవులగు మనుష్యుల నడుము బిళ్లలలోనికి సన్నని సూదిని చొప్పించి, అందలి ఒత్తిడిని కొలిచెను. నిటారుగా నిలువబడినప్పటికంటె కూర్చుండినప్పుడు ఒత్తిడి హెచ్చుననియు, కూర్చుండి ముందునకు వంగినప్పుడు అది మఱింత హెచ్చుననియు తేలెను. వంగి బరువు పట్టుకొన్నప్పటి మాట చెప్పనే యక్కఱలేదు.

రైతు చేయు పని యెట్టిది? నాట్లు, కలుపు, కోత యన్నియు ముందునకు వంగి చేయునవే. ప్రొద్దు గ్రుంకువేళ ఇంటికి మరలుచు సైకిలెక్కి మఱల ముందునకే వంగుచున్నాడు. ఇట్లు వంగినది వంగినట్లే యుండిన నడుము కండరములు అలసి బిగుసుకొనును. పొలములోని వంగుబాటును తప్పించుట కష్టము. సైకిలుపై వంగుబాటును తగ్గించుటకు పానా యొకటి చాలును.

సీటు ఎత్తు

మన గ్రామములలో వాడుకయందున్న పెద్ద సైకిలునకు 28 అంగుళముల చక్రములును, 22 లేక 24 అంగుళముల చట్రమును ఉండును. మద్రాసునందు 1949లో టి.ఐ. సైకిల్సు వారును, లూధియానాయందు 1956లో హీరో వారును ఆరంభించిన పరిశ్రమలు ఈ తరగతి సైకిళ్లను లక్షలకొలది దేశమున వ్యాపింపజేసినవి. కర్మాగారమువారు చట్రమును రెండు మూడు కొలతలలో చేయుదురు గాని, బ్రహ్మ మనుష్యుల కాళ్లను రెండు మూడు కొలతలలో చేయలేదు. అందుచేతనే సీటు క్రింది గొట్టమును పైకి క్రిందికి జరుపుకొను వీలు కల్పింపబడినది. కొన్ననాడు బిగించిన ఆ బోల్టును మరల విప్పి చూచినవారు మనలో ఎందఱు?

సరియైన ఎత్తును కనుగొనుట సులభము. ఒకరు సైకిలును నిలువుగా పట్టుకొనవలెను. రెండవవారు సీటుపై నిటారుగా కూర్చుండి, పెడలును అన్నిటికంటె క్రిందికి దింపి, దానిపై మడమ నుంచవలెను. అప్పుడు మోకాలు చక్కగా సాగియుండవలెను గాని, మడమ అందుటకై తుంటి ఒక ప్రక్కకు వాలరాదు. అంతట మునిపాదమును పెడలుపై నుంచినచో మోకాలు కొంచెము వంగియుండును. త్రొక్కుటకు తగిన ఎత్తు అదియే.

సీటు మిక్కిలి ఎత్తుగా నున్నచో పెడలు క్రిందికి పోయినప్పుడెల్ల మనిషి కాలివ్రేళ్లు చాచి అందుకొనవలసి వచ్చును. తుంటి ఒకమాఱు కుడికి, ఒకమాఱు ఎడమకు ఊగును. ఆ ఊపు నడుము క్రింది కండరములను లాగును. మన పెద్ద సైకిలుపై పది కిలోమీటరులు పోవుసరికి పెడళ్లు ఇంచుమించు రెండువేల చుట్లు తిరుగును. చుట్టునకు రెండు ఊపులు చొప్పున నాలుగువేల ఊపులైనవి. ఏనాటికానాడు ఇట్లు లాగబడిన నడుము నొప్పిపెట్టుటలో వింత యేమున్నది? సీటు మిక్కిలి తగ్గుగా నున్నచో మోకాళ్లు రొమ్మువైపునకు లేచివచ్చి, వీపు విల్లువలె వంగును. మోకాటి చిప్పకును బాధ కలుగును.

వెనుకనుండి చూచువారికి ఈ దోషము వెంటనే కనబడును. సైకిలుపై పోవువాని చొక్కా అంచు ఇటు నటు ఊగుచున్నచో సీటు ఎత్తుగా నున్నదని తెలిసికొనవలెను. మోకాళ్లు బయటికి విచ్చుకొని త్రొక్కుచున్నచో తగ్గుగా నున్నదని యెంచవలెను.

బరువు మోయువాడు ఆగినప్పుడు కాలు నేలకు ఆనవలెనుగదా యని ఒక ప్రశ్న కలుగును. ఇది న్యాయమైన ప్రశ్నయే. బరువు తోడి సవారి నిత్యము చేయువారు పైని చెప్పిన ఎత్తునకు అర అంగుళము, అంగుళము తగ్గించుకొనవచ్చును. అంతకు మించి తగ్గింపక, ఆగునప్పుడు సీటుపైనుండి ముందునకు దిగి నిలుచు అలవాటు చేసికొనుట మేలు. సీటును ఎంత పైకి తీసినను గొట్టములో కనీసము రెండున్నర అంగుళములు లోపల మిగిలియుండవలెనని మఱువరాదు. లేనిచో గొట్టము విఱిగి ప్రమాదము కలుగును.

ఒక ఇంట ఒక్క సైకిలే యుండి తండ్రియు కొడుకును ఇల్లాలును దానినే యెక్కుచుందురు. అట్టిచోట ఒక్కొక్కరి ఎత్తునకు సీటు గొట్టముపై ఒక్కొక్క రంగు గీత పెట్టి, పానాను సైకిలునకే కట్టి యుంచినచో, మార్చుకొనుటకు అర నిమిషము పట్టును. చట్రము నడుమనుండి కాలు దూర్చి వంకరగా త్రొక్కు పిల్లలకు మాత్రము వారి యెత్తునకు తగిన చిన్న సైకిలే మందు. పెఱుగుచున్న వెన్నెముకను దినదినము మెలిపెట్టనిచ్చుట తల్లిదండ్రులకు తగదు.

సీటు వాలు, హ్యాండిలు

సీటు ముక్కు పైకి లేచియున్నచో కూర్చున్నవాని కటి వెనుకకు ఒరిగి, నడుము గుండ్రముగా వంగును. ఇజ్రేలు దేశపు వైద్యులు 1999లో ప్రకటించిన పరిశోధనయందు, సైకిలు సంఘపు సభ్యులైన 40 మంది సీట్లను ముందుభాగము 10 మొదలు 15 డిగ్రీలవఱకు క్రిందికి వాలునట్లు సవరింపగా, నూటికి డెబ్బదిమందికి పైగా నొప్పి మిక్కిలి తగ్గినదని చెప్పిరి. ఆ సైకిళ్లు ముందునకు వంగి త్రొక్కు తరగతివి. నిటారుగా కూర్చుండు మన సైకిలునకు అంత వాలు అక్కఱలేదు. ఎక్కువైనచో ముందునకు జారి, భారమంతయు మణికట్లపై పడును. సీటు సమతలముగా గాని, ముక్కు కొంచెము క్రిందికి గాని యుండిన చాలును.

ఇచ్చట మనవారు గమనింపని సంగతి యొకటి గలదు. ఏండ్లు గడచినకొలది సీటు వెనుకనున్న స్ప్రింగులు కుంగిపోవును. వెనుకభాగము దిగినకొలది ముక్కు తనంతట తానే పైకి లేచును. కొన్ననాడు సరిగా నున్న సీటు అయిదేండ్లకు నడుమును విఱుచునది యగుటకు కారణమిదియే. సీటుపై ముందునుండి వెనుకకు ఒక బద్దనుంచి, ప్రక్కనుండి చూచినచో వాలు తెలియును. స్ప్రింగులు కుంగినచో క్రొత్తవి వేయించుకొనవలెను. దాని వెల నొప్పిమాత్రల ఖర్చుతో పోల్చినచో స్వల్పము.

హ్యాండిలు పట్టు సీటుతో సమముగా గాని, ఒకటి రెండు అంగుళములు ఎత్తుగా గాని ఉండవలెను. పట్టుకొన్నప్పుడు మోచేతులు కొంచెము మడతబడియుండి, భుజములు వదులుగా నుండవలెను. చేతులు బిఱ్ఱబిగిసి చాచుకొనియున్నచో సీటును కొంచెము ముందునకు జరుపవలెను. యువకులు కొందఱు సొగసుకొఱకు హ్యాండిలును దించి, పందెగాండ్రవలె వంగి త్రొక్కుచున్నారు. పందెగాడు తేలికబండిపై వట్టిచేతులతో పోవును. మన యువకుడు పాలక్యానులతో పోవును. ఇద్దఱికి ఒక్క తీరు కుదురదు.

బరువు

సైకిలు నడుమును నొప్పించినదని చెప్పుకొను అనేక సందర్భములలో నిజముగా నొప్పించినది సవారి కాదు, బస్తా నెత్తుట. యూరియా బస్తా 2018 నుండి 45 కిలోలు, డి.ఏ.పి. బస్తా 50 కిలోలు. దానిని నేలపైనుండి ఒంటరిగా వంగి లేవనెత్తి, నడుము మెలిత్రిప్పి క్యారియరుపై వేయుటకంటె బిళ్లకు కీడు చేయు పని వేఱొకటి లేదు. పైగా దూరమునుండి సైకిలు త్రొక్కి వచ్చి, దిగినతోడనే ఈ పనికి పూనుకొనుచున్నారు. వంగి కూర్చుండుటచేత సాగియున్న నడుము పట్టు తిరిగి కుదురుటకు కొన్ని నిమిషములు కావలెను. నాలుగడుగులు నడచి, నడుముపై చేతులుంచి అయిదాఱు మాఱులు మెల్లగా వెనుకకు వంగి, పిమ్మట బరువు ముట్టుకొనవలెను. వేకువజామున లేచినతోడనే బరువెత్తుటయు మంచిది కాదు. రాత్రి పరుండినప్పుడు బిళ్లలు నీరు పీల్చి ఉబ్బియుండుటచే, ఆ మొదటి గంటలో వంగినచో వానిపై ఒత్తిడి హెచ్చుగా పడును. వేకువనే పాలకేంద్రమునకు పోవువారు దీనిని ముఖ్యముగా గమనింపవలెను.

బస్తాను ఇద్దఱు పట్టవలెను. మోకాళ్లు వంచి, బరువును దేహమునకు దగ్గఱగా నుంచుకొని లేవవలెను. తిరుగవలసినచో పాదములను జరుపవలెను గాని నడుమును త్రిప్పరాదు. సైకిలును గట్టి స్టాండుపై నిలిపి, వెనుక చక్రపు ఇరుసుపై బరువు పడునట్లు బస్తాను కట్టవలెను. పాలక్యానులు రెండు ప్రక్కల సమముగా వ్రేలాడవలెను; ఒకే ప్రక్క క్యాను కట్టినవాడు దారి పొడవునను రెండవ ప్రక్కకు నడుము వంచియే పోవలసి వచ్చును. హ్యాండిలునకు బరువైన సంచులు తగిలించుట అన్నిటికంటె చెడ్డ అలవాటు.

బాటయందు గుంట వచ్చినప్పుడు సీటునంటి కూర్చుండక, పెడళ్లపై కొంచెము లేచినచో, కుదుపును కాళ్లు భరించును; వెన్నునకు తగులదు. వంతెన ఎక్కునప్పుడును, ఎదురుగాలి బలముగా నున్నప్పుడును హ్యాండిలును గుంజి నడుము బలముతో త్రొక్కుటకంటె దిగి నడుచుట మేలు. టైర్లలో గాలి సరిగా నుంచి, గొలుసునకు నూనె వేసి, బ్రేకు రాపిడి లేకుండ చూచుకొన్నచో త్రొక్కుడు తేలికయగును. త్రొక్కుడు తేలికయైన నడుముపై భారమును తగ్గును.

నొప్పి వచ్చిన పిదప

అడుసు త్రొక్కనేల, కాలు కడుగనేల యన్నట్లు, రాకుండ చూచుకొనుటయే ప్రధానము. అయినను వచ్చినచో మంచమెక్కుట మందు కాదు. ఫిన్లాండు వైద్యులు 1995లో ప్రకటించిన పరీక్షయందు, మంచముపై పరుండినవారికంటె తమ నిత్యకృత్యములను ఓర్చుకొన్నంతమేరకు చేసికొనుచున్నవారే త్వరగా కోలుకొనిరి. ఉప్పుమూటతో కాపడము పెట్టుకొని, నడక మానక, కొన్ని దినములు బరువులను మాత్రము మానవలెను. అంగడిలో అడిగి తెచ్చుకొన్న నొప్పిమాత్రలను వారములకొలది మ్రింగుట కడుపునకును మూత్రపిండములకును చేటు. కాలు తిమ్మిరెక్కి బలము తగ్గినను, మూత్రముపైగాని మలముపైగాని స్వాధీనము తప్పినను, కాళ్ల సందున స్పర్శ తెలియకున్నను, జ్వరము తోడుగా నున్నను, పడిన పిమ్మట నొప్పి ఆరంభమైనను ఆలస్యము చేయక ఆసుపత్రికి పోవలెను. ఇవి కాపడముతో పోవునవి కావు.

పొలము పనియే వ్యాయామముగదా, వేఱొక వ్యాయామమెందుకని కొందఱందురు. పొలము పని నడుమును ముందునకే వంచును. దానికి ఎదురుగా వంచునది కావలెను. వెల్లకిల పరుండి, మోకాళ్లు మడచి, నడుమును మెల్లగా పైకెత్తి పది లెక్కించువఱకు నిలిపి దించుట యొకటి; బోరగిల పరుండి మోచేతులపై రొమ్మునెత్తుట యొకటి. రెండును ఉదయము లేచి కొంత సేపు తిరిగిన పిదప పది నిమిషములు చేసిన చాలును.

సంఘము చేయవలసినది

ఇంతవఱకు చెప్పినది వ్యక్తులు చేయవలసిన పని. ఇక సంఘము చేయవలసినది మూడు విధములు.

మొదటిది: సంఘ కార్యాలయమున పానాల జత, గాలిపంపు, నూనెడబ్బా, కొలత టేపు ఉంచవలెను. నెలకొకనాడు ఒక సైకిలు మేస్త్రీని కూలికి పిలిపించి, వచ్చిన సభ్యులందఱి సీట్లను వారి వారి కొలతకు సరిచేయింపవలెను. స్త్రీలును బడిపిల్లలును మొదటి వరుసలో నుండవలెను.

రెండవది: పాలకేంద్రమునందు క్యానుల కొక్కెములను రెండు ప్రక్కల సమముగా బిగించు ఏర్పాటును మేస్త్రీచేతనే చేయింపవలెను.

మూడవది యన్నిటికంటె ముఖ్యము: ఎరువుల గిడ్డంగి వాకిట రెండున్నర అడుగుల ఎత్తు అరుగొకటి కట్టింపవలెను. పెద్ద సైకిలు క్యారియరు ఇంచుమించు ఆ ఎత్తుననే యుండును. బస్తాలు ఆ యెత్తుననే నిలువయుండి, అరుగుపైనుండి క్యారియరుపైకి జరుపబడినచో నేలనుండి ఎత్తు పనియే యుండదు. నేడు అనేక గిడ్డంగులలో బస్తాను నేలపై పడవైచి, "తీసికొనిపొమ్ము" అనుచున్నారు. ఎరువును న్యాయమైన ధరకు ఇచ్చిన సంఘమే సభ్యుని నడుమును వాకిట విఱిచి పంపుట యెట్టి న్యాయము?

ఇది సంఘము పనియా, వైద్యుల పనియా యని ఆక్షేపించువారుందురు. 1844లో ఇంగ్లాండునందలి రాచ్‌డేలు నేతపనివారు సహకారపు అంగడిని తెఱచినప్పుడు పిండి, వెన్న, పంచదార మొదలగు కొలది సరకులనే అమ్మిరి. పిమ్మట కొలది యేండ్లకే తమ మిగులుబాటులో నూటికి రెండున్నర పాళ్లు సభ్యుల విద్యకొఱకు ప్రత్యేకించిరి. సరకు అమ్ముట సంఘమునకు సాధనము. సభ్యుని క్షేమము దాని గమ్యము. అప్పిచ్చిన సంఘమునకు, ఆ యప్పు తీర్చు చేతులు పనిచేయగల స్థితిలో నుండుటకంటె మించిన హామీ యేమున్నది?

ఖర్చు మాట యెత్తువారికి ఒక్క సమాధానము. పానాలును పంపును ఒకమాఱు కొనవలసినవి. అరుగునకు ఇటుక, సున్నము లేక సిమెంటు కావలెను. సభ్యులు ఒక పూట శ్రమదానము చేసినచో కూలి మిగులును. ఒక్క సభ్యుడు నాట్ల వేళ పది దినములు మంచమున పడినచో కలుగు నష్టముతో దీనిని సరిచూచుకొనవలెను.

కావున రాబోవు సర్వసభ్య సమావేశమున అరుగు విషయమును కార్యక్రమ పట్టికలో చేర్చవలసినదిగా పాలకవర్గమువారిని కోరుచున్నాను. అంతవఱకు ప్రతి సభ్యుడును రేపటి ఉదయము సైకిలెక్కుటకు ముందు మడమను పెడలుపై నుంచి చూచుకొనునుగాక. మోకాలు సాగకున్నను, తుంటి వాలినను పానాతో సవరించుకొని, ఆ పిమ్మటనే పొలమునకు బయలుదేరవలెను.